పెనుకొండకి వస్తే నీళ్ళ దారి చూడండి

మా వైపు ఊళ్ళు చూడడానికి వచ్చేవాళ్ళ దగ్గర ఒక లెక్క ఉంటుంది. పొద్దున లేపాక్షి, మధ్యాహ్నం పెనుకొండ కోట, సాయంత్రం ధర్మవరంలో పట్టుచీరల బేరం, రాత్రికి రైలు. తప్పేం లేదు, అన్నీ చూడవలసినవే. నా పుట్టిల్లు పెనుకొండ, మెట్టినిల్లు హిందూపురం. మా ఇంటికి వచ్చే అక్కచెల్లెళ్ళకీ వదినలకీ నేను చూపించే వరస కొంచెం వేరుగా ఉంటుంది. ఈ సీమలో నీళ్ళు నడిచిన దారి ముందు చూపిస్తాను. అది చూశాక రాజుల కథ సులభంగా అర్థమవుతుంది.

మా తోడికోడలిది కోనసీమ. వాళ్ళకి ఇంటి ముందు కాలవ, ఇంటి వెనక బోదె. ఆ అమ్మాయి మొదటిసారి వచ్చినప్పుడు పెన్న మీద వంతెన దాటుతుంటే "ఏరెక్కడక్కా?" అని అడిగింది. "కిందే ఉంది చూడు" అన్నాను. కింద ఇసక, తుమ్మచెట్లు. కోట చూశాక ఇంకో మాట అడిగింది. "ఇంత కరువు నేలలో రాజధాని ఎట్లా పెట్టుకున్నారక్కా?" అని. కొండ ఎత్తుగా ఉంది, శత్రువు తేలిగ్గా ఎక్కలేడు అని కోట గురించి అందరూ చెబుతారు. అంతమందికి వంటనీళ్ళు, తాగేనీళ్ళు ఎక్కడివి అన్న ప్రశ్న మాత్రం ఇల్లు నడిపేవాళ్ళకే ముందు తడుతుంది.

ముందు ఏళ్ళ సంగతి చెబుతాను. పెన్న, చిత్రావతి రెండూ కర్ణాటకలో నంది కొండల వైపు పుడతాయి. తమిళనాడుకి పోయే దక్షిణ పినాకిని వేరే ఉంది కాబట్టి మన పెన్నని ఉత్తర పినాకిని అంటారు. అది గౌరీబిదనూరు వైపు నుంచి హిందూపురం పక్కకి వచ్చి, పరిగి, రొద్దం మీదుగా ఉత్తరానికి పోతుంది. పరిగి ప్రాంతంలో జయమంగళి వచ్చి కలుస్తుంది. చిత్రావతి బాగేపల్లి, పుట్టపర్తి, బుక్కపట్నం మీదుగా ధర్మవరం చేరుతుంది. మ్యాపులో చూస్తే మూడు ఏళ్ళ మధ్య ఉన్నాం. బిందెలో చూస్తే వేరే. పాత అనంతపురం జిల్లాలో ఏడాదికి కురిసేది సుమారు 550 మిల్లీమీటర్లు. అదీ కొద్ది రోజుల్లోనే కుమ్మరించి పోతుంది. ఏరు వచ్చిన నాలుగు రోజుల్లో పట్టుకోవాలి, లేకపోతే ఇసకే మిగులుతుంది.

అందుకే మా పెద్దవాళ్ళు చెరువులు కట్టారు. ఒక చెరువు నిండి మరవ పారితే ఆ నీళ్ళు వంక పట్టి కింది చెరువుకి పోతాయి. అది నిండితే దాని కిందిదానికి. గొలుసుకట్టు చెరువులంటే ఇవే. కట్ట కింద మడులకి తూము ద్వారా నీళ్ళు వదలడానికి నీరుగంటి అని ఒక మనిషి ఉండేవాడు. ఏ మడికి ఎంతసేపు అనేది అతని చేతిలో ఉండేది. చెరువు తవ్వించినవాళ్ళకీ, కట్ట బాగుచేసేవాళ్ళకీ దశబంధం అని భూమి మాన్యంగా ఇచ్చేవారు. ఏరు ఎండినప్పుడు ఇసకలో ఊటకాలువలు తవ్వి, అడుగున ఊరే నీళ్ళని పొలాలకి తెచ్చేవారు. ఇసకలో చెలమ తవ్వి చిప్పతో బిందె నింపుకున్న అవ్వలకి ఇది పుస్తకం చదివితే వచ్చిన విద్య కాదు.

ఇక పెనుకొండ. విజయనగరం మొదలైన కొద్దికాలానికే, 1354 ప్రాంతంలో, బుక్కరాయల కొడుకు విరుపణ్ణ ఇక్కడ కోట కట్టించాడు. ఆ తర్వాత రెండో హరిహరరాయలు రాజుగా ఉన్నప్పుడు ఆయన కొడుకు బుక్కరాయలు పెనుకొండలో ఉండి ఈ సీమని పాలించాడు. ఆ కాలంలో జరిగిన ఒక పని గురించి 1388 నాటి శాసనం ఉంది. గౌరీబిదనూరు దగ్గర కల్లోడిలో దొరికింది, భాష కన్నడం. ప్రాణులకి నీరే ప్రాణం కాబట్టి ప్రజలు సుఖంగా ఉండాలని, పెన్నేటిని పెనుకొండ పట్నానికి తీసుకురమ్మని రాజకుమారుడు సింగాయభట్టుకి ఆజ్ఞ ఇచ్చాడని అందులోని సారాంశం. కన్నడంలో పెన్న 'హెన్నె' అయింది. సింగాయభట్టుని 'జలసూత్ర' అని పిలిచారు, అంటే నీళ్ళు నడిపించే విద్య తెలిసినవాడు. ఆయన శిరువెర చెరువు దాకా కాలవ తవ్వించి, దానికి ప్రతాప బుక్కరాయ మండల కాలవ అని పేరు పెట్టాడు.

ఏటిని ఊరికి తీసుకురమ్మనడం చెప్పినంత తేలిక కాదు. ఏరు పల్లంలో ఉంటుంది, ఊరు కొండ కింద ఉంటుంది. మోటార్లు లేని కాలంలో నీళ్ళు ఎక్కవు, దిగడమే వాటికి తెలుసు. కాబట్టి ఊరికన్నా ఎత్తయిన చోట, బాగా ఎగువన ఏటిని పట్టుకోవాలి. అక్కడినుంచి వాలు చెడకుండా నడిపించాలి. వాలు ఎక్కువైతే గట్లు కోసుకుపోతాయి, తక్కువైతే నీళ్ళు నిలిచి పూడిక పడుతుంది. మధ్యలో గుట్టలు, వంకలు. ఇదంతా కంటి చూపుతో, అనుభవంతో చేశారు. హంపీలో రాజులు ఎంతమంది ఉన్నా, మా వైపు పిల్లలకి చెప్పవలసిన మొదటి పేరు ఈ సింగాయభట్టుదే అనిపిస్తుంది నాకు.

1565లో రాక్షస తంగడి యుద్ధంలో విజయనగరం ఓడిపోయింది. అప్పుడు తిరుమలరాయలు రాజధానిగా ఎంచుకున్నది పెనుకొండనే. 1592లో వేంకటపతిరాయలు చంద్రగిరికి మార్చేదాకా సామ్రాజ్యం ఇక్కడినుంచే నడిచింది. కోట గోడలు బలంగా ఉన్నాయి, నిజమే. దానికి ముందు రెండువందల ఏళ్ళుగా ఇక్కడ చెరువులూ బావులూ కాలవలూ సిద్ధంగా ఉన్నాయి. ఆ నీళ్ళే లేకపోతే పారిపోయి వచ్చిన రాజు పరివారం ఎన్నాళ్ళు నిలబడుతుంది? గగన్ మహల్ చూసినవాళ్ళు ఆ దగ్గర్లోనే ఉన్న బసవన్న బావి కూడా చూడండి. బసవన్న రూపంలో కట్టిన వాకిలి గుండా లోపలికి వెళ్ళి మెట్లు దిగాలి. నీళ్ళకి దిగడం కూడా గుడిలోకి వెళ్ళినట్టే ఉండాలని అనుకున్నారేమో.

కాలవలకి రాజుల పేర్లు ఉన్నాయి. ఆడవాళ్ళ పేర్లు వెతికితే అవీ దొరుకుతాయి, కాకపోతే శాసనాలకన్నా ఎక్కువగా జనం నోట్లో. ధర్మవరం ఊరు క్రియాశక్తి ఒడెయరు తన తల్లి ధర్మాంబ పేరు మీద కట్టించాడని, చిత్రావతి నీళ్ళు పట్టే పెద్ద చెరువు కూడా ఆయనదేనని ఊళ్ళో చెప్పుకుంటారు. ఆ చెరువుకీ పట్టుచీరకీ సంబంధం లేదనుకోకండి. ముడి పట్టుని ఉడకబెట్టి జిగురు తీయాలన్నా, రంగు అద్ది జాడించాలన్నా నీళ్ళే కావాలి. మన పెళ్ళి చీర మగ్గం ఎక్కకముందే ఎన్ని నీళ్ళు తాగి ఉంటుందో!

ఇంకొంచెం ఉత్తరానికి పోతే, అనంతపురం పక్కన బుక్కరాయసముద్రం. అక్కడి చెరువు తెగబోతుంటే బసిరెడ్డి చిన్నకోడలు ముసలమ్మ ఊరికోసం గండిలో ప్రాణం ఇచ్చిందని కథ. కట్టమంచి రామలింగారెడ్డి గారు 'ముసలమ్మ మరణము' రాసింది ఈ కథ మీదే. చిన్నప్పుడు ఈ కథ వింటే చేతులెత్తి మొక్కేదాన్ని. ఇద్దరు కోడళ్ళున్న ఇంట్లో ఇప్పుడు నేను పెద్దదాన్ని. ఆ ఊళ్ళో అంతమంది ఉండగా చిన్నకోడలే ఎందుకు అని అడగబుద్ధవుతుంది. ఇప్పటికీ చెరువు నిండితే గంగమ్మకి చీర, పసుపు, కుంకుమ, గాజులు సమర్పిస్తాం. అలా చేసినప్పుడల్లా ఆ పిల్ల గుర్తొస్తుంది.

ఈ కథలో కొత్త అధ్యాయం మన కళ్ళ ముందే జరిగింది. 2016 చివర్లో హంద్రీ నీవా కాలవలో కృష్ణా నీళ్ళు పెనుకొండ దగ్గరి గొల్లపల్లి రిజర్వాయరుకి చేరాయి. హిందూపురం ఆడవాళ్ళు ఖాళీ బిందెలు వరసలో పెట్టి ట్యాంకరు కోసం ఎదురు చూసిన ఏళ్ళు తెలిసినవాళ్ళకి అది చిన్న విషయం కాదు. సింగాయభట్టు కాలవకీ దీనికీ మధ్య 628 ఏళ్ళు. తేడా ఒకటుంది. ఆయన నీళ్ళని వాలు మీద దింపాడు. ఇప్పుడు శ్రీశైలం వెనకనీళ్ళని మల్యాల దగ్గరినుంచి పంపులతో మెట్టు మెట్టుగా పైకి ఎక్కించాలి. అక్కడ నీటిమట్టం ఉండాలి, ఇక్కడ దాకా కరెంటు ఉండాలి.

కృష్ణమ్మ వచ్చింది, సంతోషం. వచ్చిందని మన వంకలు మనం మర్చిపోతే కష్టం. వంక పూడిపోయి, దాని మీద ప్లాట్లు లేస్తే మంచి వాన పడ్డ ఏడాది కూడా చెరువు నిండదు. ఆ నీళ్ళు ఇళ్ళలోకి వస్తాయి. కొత్త చెరువు కట్టడానికి కోట్లు కావాలి గాని, ఉన్న చెరువుకి నీళ్ళు చేరడానికి దారి వదిలితే చాలు.

మా వైపు రావాలనుకుంటే వానలు పడ్డాక, అక్టోబరు తర్వాత రండి. కోటకి వెళ్ళే ముందు చెరువు కట్ట ఎక్కండి. ఒక పక్క నీళ్ళు, ఇంకో పక్క పచ్చటి మడులు. పిల్లలు వెంట ఉంటే ఈ నీళ్ళు ఎటునుంచి వచ్చాయో, నిండితే ఎటు పోతాయో వాళ్ళనే కనుక్కోమనండి. వంక వెంట నాలుగడుగులు నడిస్తే వాళ్ళకే తెలుస్తుంది. మీ ఊరికి తిరిగి వెళ్ళాక మీ చెరువు దగ్గర కూడా అదే మాట అడుగుతారు.