చూడనివాడు గెలిచాడు, చూసినవాడు ఓడాడు: సెక్షన్ 230 వెనక కథ

ఎవరో ఫేస్‌బుక్‌లో మీ మీద పచ్చి అబద్ధం రాశారనుకోండి. కేసు ఎవరి మీద వేయాలి? రాసినవాడి మీదా, ఫేస్‌బుక్ మీదా? అమెరికా చట్టం ఈ ప్రశ్నకి ఇస్తున్న జవాబు, గూగుల్ పుట్టకముందే న్యూయార్క్‌లో నడిచిన రెండు కేసుల్లోంచి వచ్చింది. ముందు ఆ కేసులు చూద్దాం, తర్వాత మన దేశానికి వద్దాం.

మొదటి తీర్పు 1991లో వచ్చింది. ఫోన్ లైన్‌కి మోడెమ్ తగిలించి కంప్యూసర్వ్ లాంటి సర్వీసుల్లోకి వెళ్లే రోజులవి. అందులో జర్నలిస్టుల ఫోరమ్‌లో వచ్చే 'రూమర్‌విల్' అనే వార్తాలేఖ తమ పరువు తీసిందని ఒక పోటీ సంస్థ దావా వేసింది. "అది బయటివాళ్లు నడుపుతున్నది, మేం ముందుగా చదవం" అని కంప్యూసర్వ్ వాదించింది. ఫెడరల్ జడ్జి ఒప్పుకున్నారు. పుస్తకాల షాపువాడు ప్రతి పుస్తకమూ చదివాకే అమ్మాలంటే కుదరదు కదా, ఇదీ అంతే అన్నది ఆ తీర్పు సారాంశం. కంపెనీ గెలిచింది.

రెండోది 1995 నాటిది. ప్రొడిజీ అని ఐబీఎం, సియర్స్ కలిసి నడిపిన సర్వీసు. మాది కుటుంబమంతా వాడుకునే సర్వీసు అని ప్రచారం చేసుకునేది. బూతు మాటలు పట్టుకునే సాఫ్ట్‌వేర్ పెట్టింది, రూల్స్ రాసింది, బోర్డులు చూసుకోవడానికి మనుషుల్ని పెట్టింది. అయినా రోజుకి 60 వేల మెసేజ్‌లు వస్తుంటే అన్నీ ఎవరు చదువుతారు? 1994 అక్టోబర్‌లో అందులోని 'మనీ టాక్' బోర్డు మీద ఎవరో పేరు తెలియని వ్యక్తి, స్ట్రాటన్ ఓక్‌మాంట్ అనే బ్రోకరేజ్ కంపెనీ మోసం చేస్తోందని రాశాడు. ఆ కంపెనీ 20 కోట్ల డాలర్లకు దావా వేసింది. జడ్జి స్టువర్ట్ ఐన్ ఏం తేల్చారంటే: పోస్టులు తీసేస్తున్నావంటే నువ్వు ఎడిటర్ పని చేస్తున్నట్టే, కాబట్టి పత్రికలాగే బాధ్యత నీదే.

ఈ రెండు తీర్పులూ పక్కపక్కన పెట్టి చూడండి. కళ్లు మూసుకున్న కంపెనీ బయటపడింది, శుభ్రం చేద్దామని దిగినది ఇరుక్కుంది. ఆ రోజుల్లో ప్రొడిజీలో నేను ఇంజనీర్‌ని అయ్యుంటే, "సార్, ఆ ఫిల్టర్ ఆపేద్దాం" అనే చెప్పేవాణ్ణి.

ఇంకో సంగతి. స్ట్రాటన్ ఓక్‌మాంట్ అంటే 'ది వుల్ఫ్ ఆఫ్ వాల్ స్ట్రీట్' సినిమాలో చూపించిన కంపెనీయే! దాని అధిపతి జోర్డాన్ బెల్‌ఫోర్ట్ 1999లో మోసం నేరం కోర్టులో ఒప్పుకున్నాడు.

ఈ వింత పరిస్థితిని సరిచేయడానికి క్రిస్ కాక్స్, రాన్ వైడెన్ అనే ఇద్దరు ప్రజాప్రతినిధులు కలిశారు. ఒకరు రిపబ్లికన్, ఇంకొకరు డెమోక్రాట్. అలా వచ్చిందే సెక్షన్ 230. 1996 ఫిబ్రవరి 8న అధ్యక్షుడు క్లింటన్ సంతకం చేశారు. దాంట్లో ముఖ్యమైన వాక్యం ఇంగ్లిష్‌లో 26 పదాలే. సారాంశం: వేరేవాళ్లు రాసినదానికి సర్వీసు నడిపేవాణ్ణి ప్రచురణకర్తగా చూడకూడదు. దాని వెంటే ఇంకో మాట: మంచి ఉద్దేశంతో అభ్యంతరకరమైనది తీసేసినా శిక్ష ఉండదు. అంటే ఉంచినా రక్షణే, తీసినా రక్షణే.

మరి దెబ్బతిన్నవాడి సంగతి? 1995లో ఓక్లహోమా సిటీ బాంబు దాడిలో 168 మంది చనిపోయారు. కొద్ది రోజులకే ఆ విషాదం మీద వెకిలి రాతలున్న టీషర్టులు అమ్ముతున్నట్టు ఏఓఎల్‌లో ఎవరో ప్రకటన పెట్టి, సంబంధం లేని సియాటెల్ మనిషి ఫోన్ నంబర్ ఇచ్చారు. ఆయనకి సుమారు రెండు నిమిషాలకొక తిట్ల ఫోన్! తీసేయమని ఏఓఎల్‌ని అడిగాడు, తీసేసినా మళ్లీ కొత్తవి వచ్చాయి. ఏఓఎల్ మీద కేసు వేస్తే 1997లో అప్పీల్ కోర్టు సెక్షన్ 230 చూపించి కొట్టేసింది. రాసినవాడెవడో తేలలేదు. ఈ చట్టానికి చెల్లించిన ధర ఇది.

ఇక మన దేశానికి వద్దాం. 2004లో బాజీ డాట్ కామ్‌లో ఎవరో అశ్లీల వీడియో అమ్మకానికి పెడితే, కంపెనీ దాన్ని తీసేసినా సీఈఓని అరెస్టు చేశారు. తర్వాత 2008లో ఐటీ చట్టాన్ని సవరించి, సెక్షన్ 79 కింద కంపెనీలకు షరతులతో రక్షణ ఇచ్చారు. విచిత్రం ఏంటంటే, అదే సవరణలో 66ఏ కూడా వచ్చింది. చిరాకు, అసౌకర్యం కలిగించే మెసేజ్‌లకు మూడేళ్ల దాకా జైలు. కంపెనీకి గొడుగు పట్టి, రాసిన మనిషిని ఎండలో నిలబెట్టారన్నమాట. 2012లో మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో పోస్టు పెట్టిన అమ్మాయితో పాటు లైక్ కొట్టిన అమ్మాయినీ అరెస్టు చేశారు. 2013లో చీరాల ఎమ్మెల్యే మీద పెట్టిన పోస్టుకి హైదరాబాద్‌లో ఒక హక్కుల కార్యకర్తను పట్టుకెళ్లారు.

2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు 66ఏని కొట్టేసింది. ఎవరో ఫిర్యాదు చేసినంత మాత్రాన కాదు, కోర్టు ఉత్తర్వో ప్రభుత్వ నోటిఫికేషనో వస్తేనే కంపెనీ తీసేయాలని కూడా చెప్పింది. 2021 రూల్స్ వచ్చినప్పుడు దానికి 36 గంటల గడువు పెట్టాయి. గడువు దాటితే రక్షణ పోయే ప్రమాదం ఉంది.

ఇప్పుడు కంపెనీ వైపు నుంచి ఆలోచించండి. మీ పోస్టు కోసం పోరాడితే దానికొచ్చేది ఏమీ లేదు, తీసేస్తే పోయేదీ లేదు. అందుకే ఏదైనా పోస్టు మాయమైతే కంపెనీని తిట్టేముందు ఒకటి అడగండి: తీయమన్నది ఎవరు, ఏ సెక్షన్ కింద, రాసినవాడికి ఆ ఉత్తర్వు చూపించారా? 1995లో ప్రొడిజీకి పట్టుకున్న భయం లాంటిదే ఇదీ. అప్పుడు ఆ భయం ఫిల్టర్ ఆపేయమంది, ఇప్పుడు అడిగిందల్లా తీసేయమంటోంది.