ఉత్తరం నుంచి గడి దాకా: వ్యాపార లక్ష్యాల నమోదు చరిత్ర

పెద్ద సంస్థల్లో ఏడాది ఆరంభమయ్యేసరికి ప్రతి విభాగాధిపతీ కంప్యూటర్ తెర మీద ఒక పత్రం నింపవలసి ఉంటుంది. లక్ష్యం పేరు, బాధ్యుడు, గడువు, కొలమానం, చేరవలసిన అంకె, ఆ లక్ష్యానికి ఉన్న ప్రాధాన్యం ఎన్ని పాళ్లు, అది పైనున్న ఏ లక్ష్యానికి అనుబంధం అన్నవి అందులోని గడులు. ప్రణాళికా సాఫ్ట్‌వేర్ ఎవరు తయారుచేసినదైనా ఇంచుమించు ఈ గడులే కనిపిస్తాయి. ఇవి కంప్యూటర్ యుగంలో పుట్టినవిగా తోచినా, వీటి పూర్వరూపాల్లో ముఖ్యమైనది 1954 నాటి ఒక పుస్తకంలో వర్ణించిన ఉత్తరం. ఆ ఉత్తరంలో ఉండి ఈ తెర మీద లేకుండా పోయినదేమిటో గమనిస్తే, లక్ష్యాల నమోదు ఎటునుంచి ఎటు నడిచిందో తెలుస్తుంది.

అంతకు ముందు సంస్థలు కొలిచినది ప్రధానంగా డబ్బును. 1910ల దశకంలో డ్యూపాంట్ సంస్థలో డొనాల్డ్‌సన్ బ్రౌన్ పెట్టుబడి మీద రాబడిని రెండు భాగాలుగా విడదీశాడు: అమ్మకాల మీద లాభం ఎంత, పెట్టుబడి ఏడాదికి ఎన్నిసార్లు తిరిగి వచ్చింది. ఈ రెండింటి లబ్ధమే రాబడి. దీనివల్ల పైన కూర్చున్నవారికి ఏ విభాగం ఎందుకు వెనకబడిందో వెతికే దారి దొరికింది. అయితే ఆ పటాలు జరిగిపోయినదాన్ని చూపేవి. జరగవలసినదాన్ని ఎవరు నిర్ణయించాలి, ఎక్కడ రాసుకోవాలి అన్న ప్రశ్నకు వాటిలో సమాధానం లేదు.

ఆ ప్రశ్నను సూటిగా చేపట్టినవాడు వియన్నాలో పుట్టి అమెరికాలో స్థిరపడిన పీటర్ డ్రకర్. 1954లో వచ్చిన ‘ది ప్రాక్టీస్ ఆఫ్ మేనేజ్‌మెంట్’లో ఆయన, లాభం ఒక్కటే లక్ష్యం కాజాలదని వాదించి, మార్కెట్‌లో స్థానం, నూతన కల్పన, ఉత్పాదకత, వనరులు, లాభదాయకత, నిర్వాహకుల ఎదుగుదల, కార్మికుల పనితీరు, సామాజిక బాధ్యత అనే ఎనిమిది రంగాల్లో లక్ష్యాలు ఉండాలన్నాడు. ఆ పుస్తకంలోనే నిర్వాహకులు తమ పైఅధికారికి ఏడాదికి రెండుసార్లు రాసే ఉత్తరం గురించి చెప్పాడు. పైఅధికారి పని లక్ష్యాలు, తన పని లక్ష్యాలు తనకెలా అర్థమయ్యాయో ఉత్తరం రాసేవాడు మొదట వివరించాలి. ఆ తర్వాత తనను ఏ ప్రమాణాలతో కొలవాలో, తానేం చేయదలచాడో, అడ్డంకులేమిటో రాయాలి. పైఅధికారీ సంస్థా చేస్తున్న పనుల్లో తనకు తోడ్పడేవేవో, ఆటంకమయ్యేవేవో కూడా రాయాలి. పైఅధికారి అంగీకరిస్తే ఆ ఉత్తరమే ఇద్దరి మధ్య ఒప్పందం.

డ్రకర్ ఈ పద్ధతికి పెట్టిన పేరులో లక్ష్యాలతో పాటు ‘స్వీయనియంత్రణ’ అనే మాట కూడా ఉంది. జనరల్ ఎలక్ట్రిక్‌లో తిరిగి తనిఖీ చేసేవారి నివేదికలు పైవారికి కాక, తనిఖీ జరిగిన విభాగపు అధికారికే చేరేవని ఆయన ఉదాహరించాడు. కొలత ఎవరి పని గురించినదో ముందు వారి చేతికే అందాలన్నది అందులోని నీతి. తరువాతి కాలంలో పద్ధతి పేరులోని మొదటి సగమే ప్రచారంలో నిలిచింది. రెండో సగం జారిపోయింది.

దానిని కొంతవరకు కాపాడినవాడు ఇంటెల్ అధిపతి ఆండ్రూ గ్రోవ్. ఎక్కడికి వెళ్లాలి, అటే వెళ్తున్నామని ఎలా తెలుస్తుంది అన్న రెండు ప్రశ్నలకు ఆయన లక్ష్యపత్రాన్ని కుదించాడు. మొదటిదానికి జవాబు లక్ష్యం, రెండోదానికి జవాబు కీలక ఫలితాలు. 1983లో వచ్చిన ‘హై అవుట్‌పుట్ మేనేజ్‌మెంట్’లో, ఈ పత్రాన్ని ఉద్యోగి పనితీరును తేల్చే చట్టపత్రంగా వాడరాదని హెచ్చరించాడు. ఇంటెల్‌లో ఈ పద్ధతి నేర్చుకున్న జాన్ డోర్ 1999లో దానిని గూగుల్‌కు పరిచయం చేశాడు. అక్కడ పైనుంచి కింది దాకా ఎవరి లక్ష్యాలైనా తోటివారందరూ చూడగలిగే ఏర్పాటు జరిగింది.

ఇంకొక పాయ రాబర్ట్ కాప్లన్, డేవిడ్ నార్టన్‌లది. 1992లో ‘హార్వర్డ్ బిజినెస్ రివ్యూ’లో వారు ప్రతిపాదించిన సమతుల్య పట్టిక ఆర్థిక ఫలితాలకు ఖాతాదారులు, అంతర్గత ప్రక్రియలు, నేర్చుకుని ఎదగడం అనే మూడు దృష్టులను చేర్చింది. ఐబీఎం విడిచి వచ్చిన ఐదుగురు ఇంజనీర్లు 1972లో జర్మనీలో స్థాపించిన శాప్ సంస్థ ఆర్/3ని విడుదల చేసింది కూడా 1992లోనే. కొనుగోళ్లు, నిల్వలు, జీతాలు, ఖాతాలు ఒకే వ్యవస్థలో చేరాక, లక్ష్యం పక్కన అసలు అంకె దానంతటదే వచ్చి కూర్చునే వీలు కలిగింది. 1990ల చివరికి సమతుల్య పట్టిక కాగితం వదిలి సాఫ్ట్‌వేర్‌లో భాగమైంది.

ఈ మార్పు వల్ల కలిగిన మేలు చిన్నది కాదు. డ్రకర్ చెప్పిన ఉత్తరం ఇద్దరి బీరువాల్లో మిగిలిపోయేది. సాఫ్ట్‌వేర్‌లో మాత్రం లక్ష్యాన్ని ఎవరు, ఎప్పుడు, ఎంతకు తగ్గించారో జాడ నిలుస్తుంది. నష్టం కూడా ఆ యంత్రాంగంలోనే దాగి ఉంది. ఉదాహరణకు ఒక కర్మాగారపు లక్ష్యం కింద ఉత్పత్తికి 50, ఖర్చు తగ్గింపుకు 30, కార్మికుల భద్రతకు 20 పాళ్లు కేటాయించారనుకోవచ్చు. ఉత్పత్తి నూటికి నూరు, ఖర్చు తగ్గింపు నూటికి 90, భద్రత నూటికి 10 నెరవేరితే మొత్తం 50, 27, 2 కలిసి 79 అవుతుంది. 75 దాటితే ఆకుపచ్చ రంగు చూపమని నిర్దేశించిన చోట పైవారికి కనిపించేది ఆకుపచ్చే. కింద కార్మికుడికి పొంచి ఉన్న ప్రమాదం ఆ రంగులో కరిగిపోతుంది. ‘మీరు నాకు ఆటంకం’ అని పైఅధికారికి చెప్పుకొనే గడి అరుదుగా తప్ప ఉండదు.

ఈ ప్రమాదాన్ని ముందే పసిగట్టినవారున్నారు. అమెరికన్ గణాంకవేత్త ఎడ్వర్డ్స్ డెమింగ్ తన పద్నాలుగు సూత్రాల్లో అంకెల కోటాలనూ లక్ష్యాల ద్వారా నిర్వహణనూ తొలగించమన్నాడు. లోపం వ్యవస్థలో ఉన్నప్పుడు మనిషికి అంకె ఇచ్చి లాభం లేదన్నది ఆయన వాదం. కొలమానాన్ని అదుపుకోసం వాడడం మొదలుపెడితే అది నమ్మదగినదిగా మిగలదని 1975లో ఆర్థికవేత్త చార్లెస్ గుడ్‌హార్ట్ ద్రవ్యవిధానం సందర్భంలో గుర్తించాడు. 2016లో వెల్స్ ఫార్గో బ్యాంకు ఉదంతం దీనికి బహిరంగ సాక్ష్యం. అమ్మకాల లక్ష్యాలు అందుకోవడానికి ఉద్యోగులు ఖాతాదారుల అనుమతి లేకుండా ఖాతాలు తెరిచారు. బ్యాంకు 18.5 కోట్ల డాలర్ల జరిమానా కట్టింది. అంతకుముందు కొన్నేళ్లలో సుమారు 5,300 మంది ఉద్యోగులను తొలగించింది. తెర మీది అంకె నెరవేరింది, అది సూచించవలసిన నమ్మకం నశించింది.

ఈ చరిత్రతో తెలుగువారికి దగ్గరి సంబంధమే ఉంది. 1990ల చివర అమీర్‌పేట శిక్షణాకేంద్రాల్లో శాప్ నేర్చుకుని అమెరికా చేరినవారు ఈ వ్యవస్థలను నెలకొల్పారు, నేటికీ నడుపుతున్నారు. ఆ గడులను అమర్చేదీ వారే, ఏడాది చివర అదే గడుల్లో తమను తాము నింపుకొనేదీ వారే. హెచ్-1బి వీసా మీద ఉన్నవారికి ఉద్యోగం పోతే కొత్త దారి వెతుక్కోవడానికి సాధారణంగా ఉండే వ్యవధి గరిష్ఠంగా 60 రోజులు. ఆ స్థితిలో ఉన్న మనిషి అందుకోగల అంకెనే లక్ష్యంగా రాసుకుంటాడు, అసలు అడ్డంకిని రాయడు. దానివల్ల సంస్థ తనకు అత్యవసరంగా తెలియవలసినదాన్నే కోల్పోతుంది. డ్రకర్ ఉత్తరంలోని ఆ భాగాన్ని తిరిగి తేవడానికి సాఫ్ట్‌వేర్‌లో చేర్చవలసినది ఒక్క గడి మాత్రమే. అందులో నిజం రాసినవాడి ఉద్యోగానికి భయం లేదని సంస్థ చూపగలిగితేనే ఆ గడి నిండుతుంది.