తవుడుతో పోయినది

స్థౌల్యమును గూర్చి మాటవచ్చినప్పుడెల్ల దానిని తినువాని జిహ్వాచాపల్యమునకు దక్కిన ఫలముగా నెంచుట మనలో పరిపాటియై యున్నది. హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ గడచివచ్చిన త్రోవ తెలిసినవాడు అంత తేలికగా ఆ మాట అనజాలడని నా నమ్మకము.

1918లో, నీలగిరులలోని కూనూరు పాశ్చరు సంస్థయందు ఒక్క గదిలో, రాబర్టు మెకారిసన్ అను సైనిక వైద్యుడు బెరిబెరి వ్యాధిపై పరిశోధన మారంభించెను. ఆ వ్యాధి ఆనాడు మన ఉత్తర సర్కారు జిల్లాలలో పాతుకొనియుండెను. కాళ్లు తిమ్మిరెక్కును, పిక్కలు నొచ్చును, కొందఱికి దేహము నీరుపట్టి గుండె సడలును. వరి విరివిగా పండు కృష్ణా గోదావరీ తీరములలో ఈ కొఱత జబ్బేల వచ్చెనన్న ప్రశ్నకు సమాధానము బియ్యపు గింజలోనే దొరకినది. రోట దంచిన బియ్యమును అరచేత పోసికొని చూడుడు: గింజపై సన్నని పొర అక్కడక్కడ అంటియుండును, కొనయందు మొలకభాగము నిలిచియుండును. బెరిబెరిని ఆపు విటమిను ఈ రెంటిలోనే యుండును. మర వీనిని ఊడ్చి తవుడు చేయగా, ఆ తవుడు గేదెల తొట్టికి చేరును. మిగిలిన సారములో కొంత కడుగునీటితోను, కొంత వార్చిన గంజితోను పోగా, మల్లెపూవువంటి అన్నము విస్తటిలోనికి వచ్చును. ధాన్యమును ముందుగా నానబెట్టి, ఉడికించి, ఎండబెట్టి మరకు పంపు ఉప్పుడు బియ్యపు సీమలలో ఈ వ్యాధి అరుదు. ఉడుకుటలో పైపొరలోని విటమిను గింజలోనికి దిగుటచే మరవాతబడి పోదు.

ఆ గదియే 1928 నాటికి పోషకాహార పరిశోధనాలయమై, 1958లో హైదరాబాదు చేరినది. ఇచ్చట పోషకాహార శాస్త్రజ్ఞుడు గోపాలన్ ప్రభృతులు దక్కను పీఠభూమిలో జొన్నయే ఆధారముగా బ్రతుకు పేదలకు వచ్చు పెల్లాగ్రా అను విటమిను కొఱత వ్యాధిని శోధించిరి. 1969లో సంస్థకు నేటి పేరు వచ్చెను.

అటుపిమ్మట జరిగిన రెండు సంగతులు నన్ను మిక్కిలి ఆలోచింపజేసినవి. సంస్థలో తరతరములుగా పెంచుచు వచ్చిన ఎలుకల సంతతిలో, అన్నిటికి ఒకే మేత వేయుచుండగా, కొన్ని మాత్రము అమితముగా లావెక్కెను. జన్యువులలోని మార్పుచే వాని ఆకలియే అదుపు తప్పినదని గుర్తించి, పరిశోధకులు ఆ సంగతిని 1996లో ప్రకటించిరి. రెండవది ఉప్మా కథ. 1987–90 నడుమ హైదరాబాదు చేరువనున్న 15 పల్లెలలో గర్భిణులకును, ఆఱేండ్లలోపు పిల్లలకును మొక్కజొన్న, సోయా పిండితో వండిన ఉప్మా పెట్టిరి; మఱి 14 పల్లెలకు ఆ ఏర్పాటు అప్పటికి రాలేదు. ఆనాడు పుట్టిన బిడ్డలు కౌమారమునకు వచ్చిన పిదప వారిని పరీక్షించి, 2008లో ఫలితములు వెల్లడించిరి. ఉప్మా పెట్టిన పల్లెల పిల్లలు సుమారు 14 మిల్లీమీటర్లు పొడవుగా నుండిరి. దేహమందలి కొవ్వులో భేదము కానరాకున్నను, ఇన్సులిను వారి శరీరములలో మెఱుగుగా పనిచేయుచుండెను, ధమనులు తక్కువ బిరుసుగా నుండెను. తల్లి కడుపునిండిన ఫలము బిడ్డ నెత్తుటిలో పదునైదేండ్లకును నిలిచియుండుట కంటె ఆరోగ్యబోధకు వేఱొక పాఠ మేల?

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశములో 15–49 ఏండ్ల స్త్రీలలో నూటికి 36 మంది బరువు మించినవారు, 15 మంది బరువు చాలనివారు. ఒకే వీధిలో, ఒక్కొక్కచో ఒకే యింటిలో, ఈ యిరుతెగలవారును ఉన్నారు. వీరిలో ఎవరిని నిందింపవలెను? పనిపాటల శ్రమ తగ్గినది, నూనెయు చక్కెరయు సులభమైనవి, బియ్యపు తెలుపు మాత్రము తగ్గలేదు. ఈ పోషకాహార సంస్థయే 2024లో వెలువరించిన ఆహార సూత్రములు, దినమునకు వలసిన శక్తిలో ధాన్యముల వాటా నూటికి 45 పాళ్లు మించరాదని చెప్పుచున్నవి. మన భోజనములలో అది 50 మొదలు 70 వరకు ఉన్నది. కావున పాఠకులారా, లావైనవారిని తిండిపోతులని ఎగతాళి చేయకుడు. పప్పు, ఆకుకూర, జొన్నలు, రాగులు బియ్యమంత చౌకగా దొరకునట్లు చేయుడని పాలకులను గట్టిగా అడుగుడు.