నల్లబడిన వెండి



గోదావరిఖని క్వార్టర్లలో ఇంటింటా బొగ్గు కుంపటి రాజుకునే రోజుల్లో, కాళ్ళ పట్టీలు నెల తిరక్కుండానే నల్లబడేవి. "ఒంట్లో విషాన్ని వెండి లాగేస్తుందే పిల్లా" అనేది పక్కింటి అవ్వ. మొన్న ఆ మాటే మళ్ళీ విన్నాను. బ్యాటరీలు బాగుచేసేవారి ఇంట్లో పసివాడి రక్తంలో సీసం చేరింది. డాక్టరుగారు సక్సిమర్ అనే మందు మొదలుపెట్టారు. కొద్దిరోజులకే వాడి వెండి మొలతాడు నల్లబడింది. "అక్కా, మొలతాడు తీసెయ్యనా? వెండి గ్లాసులో పాలు పొయ్యొచ్చా?" అని తల్లి దిగులు.

ఈ వైద్యం యుద్ధంలో పుట్టిందంటే నమ్ముతారా? లూయిసైట్ అనే విషవాయువుకు విరుగుడుగా ఆక్స్‌ఫర్డ్‌లో రుడాల్ఫ్ పీటర్స్ బృందం బాల్ అనే మందు కనిపెట్టింది. ఆ సంగతి 1945లో పత్రికకెక్కింది. పీత డెక్కతో పట్టినట్టు లోహాన్ని పట్టి మూత్రంలో బయటికి పంపుతుంది గనుక, డెక్కకున్న గ్రీకు పేరుతో దీన్ని కీలేషన్ అన్నారు. 1956లో జాన్ వాల్ష్, ఒంట్లో రాగి పేరుకునే విల్సన్ జబ్బుకు పెన్సిలమిన్ వాడవచ్చునని చూపాడు. పిల్లల సీసానికి సక్సిమర్‌ను అమెరికా 1991లో అనుమతించింది.

ఈ మూడింటిలోనూ గంధకం ఉందండీ. సక్సిమర్ వాడే పిల్లల చెమట కుళ్ళిన గుడ్డు వాసన కొట్టవచ్చు. గంధకం తగిలితే వెండి నల్లబడుతుంది. బొగ్గు పొగలో ఉన్నదీ గంధకమే. ఆ నలుపు విషం కాదు, సీసం దిగిందనడానికి గుర్తూ కాదు. అది రక్తపరీక్షే చెప్పాలి.

గట్టి వెండి పాలలో, చెమటలో కరిగేది అతిస్వల్పం. వెండి మందునీళ్ళు తాగడం వేరు. ఏళ్ళ తరబడి వెండి మందులు వాడినవారి చర్మం నీలిబూడిద రంగుకు తిరిగింది. ఆ రంగును కీలేషన్ కూడా పోగొట్టలేదు. అలాంటి మందులకు గుణం ఉందనీ, హాని లేదనీ రుజువు లేదని 1999లో అమెరికా ప్రభుత్వం తేల్చింది.

అసలు భయం మరోచోట ఉంది. 2005లో అమెరికాలో ఇద్దరు పసివాళ్ళకు ఒక ఇ.డి.టి.ఎ. మందుకు బదులు, దాదాపు అదే పేరున్న మరొకటి ఎక్కించారు. రక్తంలో కాల్షియం పడిపోయి ఇద్దరూ చనిపోయారు.

అందుకే ఆ తల్లికి ఇలా చెప్పాను: "మొలతాడు తోమి కట్టమ్మా. గ్లాసుకు సీసంతో మాటు వేయించి ఉంటే మాత్రం పక్కన పెట్టు. మీ ఆయన్ని పని బట్టలు విప్పి, స్నానం చేశాకే బిడ్డను ఎత్తుకోమను. ఇంట్లోకి సీసం దుమ్ము వస్తూంటే మందు మింగించీ లాభం లేదు. మందు మార్చినప్పుడల్లా చీటీ మీది పేరూ, సీసా మీది పేరూ డాక్టరుగారి ముందే చదివించుకో."

సెలవు.