చొక్కా లేదని ఏ పిల్లాడూ ఆగిపోకూడదు

భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్‌కు డెబ్బై అయిదేళ్లు నిండాయి. ఈ వజ్రోత్సవ సంచికలో జంబోరీల గురించి, రాష్ట్రపతి అవార్డుల గురించి పెద్దలు రాస్తారు. నేను యూనిఫాం గురించి రాస్తాను. ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో స్కౌట్ మాస్టరుగా ఉన్నన్నాళ్లూ నా మనసును ఎక్కువగా పట్టి ఉంచింది అదే.

మన దేశంలో స్కౌటింగ్ 1909లో బెంగళూరులో మొదలైంది. అప్పుడది దొరల పిల్లలకే పరిమితం, మన పిల్లలకు ప్రవేశం లేదు. మదనపల్లెలో కళాశాల స్థాపించిన అనీ బెసెంటే 1916లో మద్రాసులో భారతీయ బాలుర కోసం స్కౌట్ సంఘం పెట్టారు. ఆ పిల్లలు మన తలపాగాలు చుట్టి, మన పాటలు పాడారు. అలహాబాదులో మదన్ మోహన్ మాలవ్యా, హృదయనాథ్ కుంజ్రూ అదే దారిన నడిచారు. స్వాతంత్ర్యం వచ్చాక 1950 నవంబర్ 7న స్కౌట్ సంఘాలు ఒక్కటయ్యాయి, మరుసటి ఏడు ఆగస్టు 15న గైడ్స్ కలిశారు.

ఒకే రకం దుస్తుల్లో కలిగినవాళ్ల బిడ్డ, లేనివాళ్ల బిడ్డ అనే తేడా కనపడకూడదన్నది స్కౌటింగ్ వ్యవస్థాపకుడు బేడెన్ పావెల్ ఉద్దేశం. కానీ స్టీల్ గ్రే చొక్కా, నేవీ బ్లూ ప్యాంటు, టోపీ, స్కార్ఫు, బెల్టు, నల్ల బూట్లు, మేజోళ్లు అన్నీ ఒక్కసారే కొనాలంటే కూలికి వెళ్లే తల్లిదండ్రుల వల్ల అయ్యే పనేనా? ప్రవేశ్ పరీక్ష చక్కగా ప్యాసైన కుర్రాడు ప్రతిజ్ఞ చేసే రోజున బడికి రాడు. జ్వరమంటారు. ఆరా తీస్తే చొక్కా కుట్టించలేదని తెలుస్తుంది.

మా బడిలో దీనికి ఒక బీరువా కేటాయించాం. పదో తరగతి పూర్తయిన పిల్లలు తమ యూనిఫాం ఉతికి ఇచ్చి వెళ్లేవారు. బ్యాడ్జీ సంపాదించుకున్నవాడిది, అది చొక్కాతో పోకూడదు. అందుకని పెట్రోల్ లీడర్లు, అంటే పిల్లల చిన్న జట్ల నాయకులు, కూర్చుని కుట్టును బ్లేడుతో పోగు పోగుగా తెంపేవారు. కాలరు లోపల కొలత రాసి పెట్టేవారు. కొత్త ప్యాంట్లకు తాను గుడ్డ ఒకేసారి తెచ్చి, ఊళ్లో దర్జీకి ఇచ్చి, కాళ్ల దగ్గర నాలుగు వేళ్ల మడత ఉంచమనేవాళ్లం. పిల్లాడు పొడుగైతే మడత విప్పితే సరి. స్కార్ఫు సంగతి మరీ సులువు. డెబ్బై అయిదు సెంటీమీటర్ల చదరపు గుడ్డను మూలకు కోస్తే ఇద్దరికి వస్తుంది. దెబ్బ తగిలినవాడి చేతికి కట్టే త్రికోణపు కట్టు కూడా అదే.

బీరువా తెరిచేది బడి వదిలాక. ఎవరు కొన్నారో ఎవరు తీసుకున్నారో తోటివాళ్లకు తెలియనివ్వలేదు. ఖరీ కమాయిలో, అంటే పిల్లలు సొంతంగా పనిచేసి సంపాదించిన డబ్బులో, దళానికి మిగిలినది గుడ్డకు వాడాం. మన ఎనిమిదో నియమం పొదుపు. దాన్ని పిల్లలు ఇంతకంటే బాగా ఎక్కడ నేర్చుకుంటారు?

పూర్తి యూనిఫాం ఉంటేనే ర్యాలీకి రమ్మనడం కొన్ని చోట్ల ఇంకా ఉంది. అది మానాలి. ప్రతిజ్ఞ ముందు, బూట్లు తర్వాత.

ఈ సంచిక చదివే పూర్వ స్కౌట్లకు, గైడ్లకు ఒక విన్నపం. ఇంట్లో పాత యూనిఫాం ఉంటే ఉతికి, మీరు చదివిన బడికి పంపండి. వీలైతే ఒక బెల్టు, ఒక జత బూట్లు కూడా కలపండి. బీరువాలో ఎప్పుడూ తక్కువ పడేవి అవే.