జనానా స్టూడియో

మన ఖాందాన్లలో ఫోటో తీయించుకోవడం ఎప్పుడు మొదలైందని అడిగితే చాలామంది దుబాయ్ పాస్‌పోర్ట్ దగ్గర మొదలుపెడతారు. 1970ల్లో గల్ఫ్ వీసాల కోసం మగవాళ్లు స్టూడియో మెట్లెక్కారు, వాళ్ల వెనకే ఆడవాళ్లూ ఎక్కారు అంటారు. చాలా ఇళ్లల్లో అంతే. మా దాదీమాది మా ఇంట్లో ఒకే ఒక్క ఫోటో, అదీ హజ్ పాస్‌పోర్ట్‌ది. కానీ హైదరాబాద్‌లో 1892లోనే పర్దా పాటించే ఆడవాళ్ల కోసమని ప్రత్యేకంగా ఒక ఫోటో స్టూడియో తెరిచారు. ఈ సంగతి మన ఇళ్లల్లో ఎవరూ చెప్పుకోగా నేను వినలేదు.

తెరిచినాయన లాలా దీన్‌దయాళ్. 1844లో మీరట్ దగ్గర సర్ధానాలో, ఒక జైన్ ఖాందాన్‌లో పుట్టాడు. సర్ధానా అంటే బేగం సమ్రూ ఏలిన ఊరే. రూర్కీ ఇంజనీరింగ్ కాలేజీలో చదివి, ఇందోర్‌లో పబ్లిక్ వర్క్స్ నౌకరీ చేస్తూ కెమెరా పట్టాడు. షౌఖ్ కాస్తా పేషా అయింది. వైస్రాయ్‌కి ఫోటోగ్రాఫర్ అయ్యాడు, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ దర్బారుకూ అయ్యాడు. 1886లో సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టాడు. తర్వాత నిజాం ఆయనకి ‘రాజా’తో పాటు ‘ముసవ్విర్ జంగ్’ అనే ఖితాబ్ ఇచ్చాడు.

ఆ ఖితాబ్ దగ్గర కాసేపు ఆగాలి. ముసవ్విర్ అంటే రూపం ఇచ్చేవాడు. అల్లాహ్ తొంభై తొమ్మిది పేర్లలో అల్-ముసవ్విర్ ఒకటి. తస్వీర్ జాయెజా నాజాయెజా అని ఉలేమాలు బహస్ చేసుకుంటున్న మాటనే ఒక ముస్లిం దర్బారు ఫోటోగ్రాఫర్‌కి బిరుదుగా ఇచ్చిందన్నమాట. ఈజిప్టు ముఫ్తీగా పనిచేసిన ముహమ్మద్ బఖీత్ అల్-ముతీయీ ఫోటో జాయెజే అంటూ ఒక రిసాలా రాశారు. కెమెరా కొత్తగా ఏదీ సృష్టించదు, ఉన్న నీడనే పట్టి ఉంచుతుందని ఆయన దలీల్. మన ఉర్దూలో ఫోటోని ‘అక్స్’ అంటాం, అంటే ప్రతిబింబం. తెలుగులో ఛాయాచిత్రం, అదీ నీడే. ఆ ఫత్వాతో అందరూ ఒప్పుకోలేదు, ఈరోజుకీ ఒప్పుకోనివాళ్లున్నారు. నేనిక్కడ ఆ బహస్ తేల్చబోవడం లేదు. నాకు కావాల్సింది తిజారత్ సంగతి.

అప్పట్లో ఫోటో అంటే హోదా. ఆరున్నర అంగుళాల పొడవు, నాలుగుంపావు అంగుళాల వెడల్పు ఉండే దళసరి అట్ట మీద ఫోటో అతికించి ఇచ్చేవాళ్లు. దాన్ని క్యాబినెట్ కార్డు అంటారు. అట్ట మీద స్టూడియో పేరు అచ్చేసి ఉండేది. నవాబులు, జాగీర్దారులు, అంగ్రేజ్ అఫ్సర్లు ఈ కార్డులు ఒకరికొకరు ఇచ్చుకునేవాళ్లు, ఆల్బముల్లో దాచుకునేవాళ్లు. నవాబుగారి ముఖంతో పాటు దీన్‌దయాళ్ పేరు కూడా దీవాన్‌ఖానా నుంచి దీవాన్‌ఖానాకి తిరిగేది. ఇప్పటి పిల్లలు ‘బ్రాండింగ్’ అంటున్నారే, అది ఇదే. ఇద్దరికీ ఒకే అట్ట మీద జరిగిపోయేది.

ఇక్కడే ఆయనకి సగం షహర్ అందలేదు. ఆ సగం మహల్లో, జనానాలో ఉంది. గైర్ మర్ద్ ముందు నఖాబ్ తీయని ఖాతూన్ కెమెరా ముందు ఎలా కూర్చుంటుంది? లెన్స్ వెనక మగాడుంటాడు. తర్వాత చీకటి గదిలో ప్లేట్ కడిగేవాడు మగాడు, నెగటివ్ మీద పెన్సిల్‌తో మచ్చలు దిద్దేవాడు మగాడు, ఎండలో ప్రింటు తీసేవాడూ మగాడే.

దీన్‌దయాళ్ దీనికి వేసిన తద్బీర్ ఏంటంటే, ఎత్తైన గోడల మధ్య జాగా చూసి, మిసెస్ కెన్నీ-లెవిక్ అనే అంగ్రేజ్ మేమ్‌సాబ్‌ని ఇన్‌చార్జ్‌గా పెట్టాడు. ఆమెకి మదద్‌గా మన దేశపు ఆడవాళ్లే ఉండేవాళ్లు. ఈ జనానా స్టూడియో కబురు ఆనాటి ఫోటోగ్రఫీ పత్రికలోనూ అచ్చయింది. అంగ్రేజ్‌లు దాన్ని అజబ్ సంగతిగా, పర్దా వెనక దాగిన పరీల కథగా చెప్పుకున్నారు. నాకు మాత్రం అది గిరాకీ ఎవరో ఎరిగిన దుకాణందారు అఖల్‌లా కనిపిస్తుంది. పర్దా తీసేయమని ఆయన ఎవరినీ అడగలేదు. పర్దాకి తగ్గట్టు దుకాణాన్నే మార్చాడు.

అసలు చిక్కు గోడలతో తీరేది కాదు. గాజు ప్లేట్ నెగటివ్ ఎవరి దగ్గరుంటే వాళ్లు ఎన్ని ప్రింట్లయినా తీసుకోవచ్చు. ఫోటో ఇంటికొస్తుంది, నెగటివ్ నంబరు వేసుకుని స్టూడియోలో ఉండిపోతుంది. అంటే ఫోటోగ్రాఫర్ చేతిలో ఉన్నది పరాయి ఇంటి అమానత్. ఆ స్టూడియో గాజు నెగటివ్‌లు 2,857 ఇప్పుడు ఢిల్లీలో ఉన్నాయి. 1989లో ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం తీసుకుంది. చరిత్రకి అది ఖజానాయే. పేరూ ఊరూ లేని ఒక బేగం తరఫున ఆలోచిస్తే మాత్రం నాకు ఇంకో రకంగా అనిపిస్తుంది.

ఎందుకంటే మా ఖాలాకి జరిగింది నాకు యాద్ ఉంది. 1980ల్లో ఆమె నికాహ్ ఫోటోలు మా టౌన్‌లో ఒక స్టూడియోవాడు తీశాడు. రెండు నెలల తర్వాత బజారుకెళ్లిన మా మామూకి ఖాలా ముఖం పెద్ద సైజులో ఆ స్టూడియో అద్దాల బీరువాలో కనిపించింది. ఎవర్నీ అడగలేదు. ‘ఫోటో బాగొచ్చింది భాయ్, పదిమంది చూస్తే నాకు గిరాకీ’ అన్నాడట. మామూ కొట్లాడి ఫోటో తీయించాడు. నెగటివ్ మాత్రం ‘రూల్ ప్రకారం మాది’ అని ఇవ్వలేదు. ఆ తర్వాత చాలా ఏళ్లు మా ఇళ్ల షాదీల్లో ఆడవాళ్ల వైపు కెమెరా రానివ్వలేదు. అందుకే మా అక్కల షాదీ ఆల్బమ్ తెరిస్తే దూల్హా, బారాతీలు, బిర్యానీ దేగ్‌లు, ఇంతే. దుల్హన్ లేదు. ఒక్కడి బేఅదబీకి మా ఖాందాన్‌లో ఒక తరం ఆడవాళ్ల ముఖాలు పోయాయి.

ఆ ఖాలా కూతురే ఇప్పుడు కెమెరా పట్టింది. తోడుగా ఇద్దరు అమ్మాయిలు. మెహందీ, నికాహ్, వలీమా, ఆడవాళ్ల వైపు మాత్రమే తీస్తుంది. ఇన్‌స్టాగ్రామ్‌లో ఆమె పేజీ చూస్తే మెహందీ చేతులు, గాజులు, జర్దోసీ దుపట్టా అంచులు ఉంటాయి, ముఖం ఒక్కటీ ఉండదు. ముఖాలు పెడితే గిరాకీ ఇంకా పెరుగుతుంది కదా అని అడిగాను. ‘భాయీ, నాకు ఫోన్ చేసేవాళ్లంతా ముఖాలు లేవని చూసే చేస్తారు’ అంది. ఫోటోలు పెన్‌డ్రైవ్‌లో వేసి దుల్హన్ చేతికే ఇస్తుంది. దుల్హన్ అన్నీ చూసుకున్నాక, ఆమె ఎదుటే తన దగ్గరున్న కాపీ మొత్తం తుడిచేస్తుంది. దాచి ఉంచమని అడిగినవాళ్లవి మాత్రమే ఉంచుతుంది, అదీ కాగితం మీద దస్తఖత్ తీసుకుని.