అపార్ట్‌మెంట్‌లో పాత జనరేటర్: మార్చేయాలా? పరికరం బిగిస్తే సరిపోతుందా?

కరెంటు పోగానే లిఫ్ట్, బోరు మోటారు, కారిడార్ లైట్లు మళ్లీ పనిచేయాలంటే సెల్లార్‌లోనో, కాంపౌండ్ మూలనో ఉన్న డీజిల్ జనరేటర్ ఆన్ కావాలి. చాలా చోట్ల అది బిల్డర్ పెట్టించి వెళ్లిన సెట్టే. పదేళ్లు దాటినా నడుస్తూనే ఉంటుంది. ఇప్పుడు అసోసియేషన్ల దగ్గరకు రెండు రకాల మాటలు వస్తున్నాయి. ‘పాత సెట్ ఇక చెల్లదు, కొత్తది కొనండి’ అనేది ఒకటి. ‘ఈ పరికరం బిగిస్తే కొత్త సెట్‌తో సమానం’ అనేది రెండోది. రెండూ సగం నిజాలే. లక్షల రూపాయలు ఖర్చు పెట్టేముందు అసలు నిబంధన ఏం చెబుతోందో చూద్దాం.

కొత్త ప్రమాణాలు ఎవరికి వర్తిస్తాయి?

జనరేటర్ ఇంజిన్ల నుంచి ఎంత కాలుష్యం రావచ్చో పర్యావరణ పరిరక్షణ చట్టం కింద కేంద్రం నిర్ణయిస్తుంది. 800 కిలోవాట్ల వరకు ఉన్న సెట్లకు 2014లో సీపీసీబీ-2 ప్రమాణాలు వచ్చాయి. 2023 జులై 1 నుంచి సీపీసీబీ-4 ప్లస్ ప్రమాణాలు అమల్లోకి వచ్చాయి. 75 నుంచి 560 కిలోవాట్ల ఇంజిన్లనే తీసుకుంటే, యూనిట్ విద్యుత్‌కు వెలువడే సూక్ష్మ ధూళి కణాల పరిమితి 0.2 గ్రాముల నుంచి 0.02 గ్రాములకు తగ్గింది. అంటే పదో వంతు.

అయితే ఇవి తయారీదారులకు పెట్టిన ప్రమాణాలు. ఇంజిన్ ఏ తేదీన తయారైందో, ఆ రోజు అమల్లో ఉన్న ప్రమాణమే దానికి కొలబద్ద. 2016లో తయారైన సెట్, కొత్త ప్రమాణం వచ్చినంత మాత్రాన చట్టవిరుద్ధం కాదు.

మరి పాత సెట్లకు ఏ రూల్ లేదా?

ఉంది. అది స్థానికంగా వస్తుంది. రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చే అనుమతి పత్రాల్లోని షరతులు, ఆ మండలి ఆదేశాలు, నగర స్వచ్ఛ వాయు ప్రణాళికలు పాత సెట్లపై అదనపు నిబంధనలు పెట్టగలవు. 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం కిందకు హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం కూడా వస్తాయి. పర్యావరణ పరిరక్షణ చట్టానికి చేసిన సవరణ ప్రకారం ఉల్లంఘనలకు 10 వేల నుంచి 15 లక్షల రూపాయల వరకు జరిమానా పడవచ్చు.

స్థానిక నిబంధన ఎంత దూరం వెళ్లగలదో ఢిల్లీ పరిసర ప్రాంతం చూపించింది. అక్కడి వాయు నాణ్యత నిర్వహణ కమిషన్ ఆదేశాలు 2023 అక్టోబర్ నుంచి అమల్లోకి వచ్చాయి. పాత సెట్లు నడపాలంటే సామర్థ్యాన్ని బట్టి గ్యాస్ కిట్ గానీ, ఉద్గార నియంత్రణ పరికరం గానీ ఉండాలి. లేకపోతే కాలుష్యం పెరిగిన రోజుల్లో ఆంక్షలు తప్పవు. పూర్తిగా గ్యాస్‌తో నడిచే సెట్లకు, సీపీసీబీ-4 ప్లస్ సెట్లకు ఈ ఆంక్షలు లేవు. గురుగ్రామ్, నోయిడాల్లో ఫ్లాట్ ఉన్న తెలుగువారికి ఇది ఇప్పటికే అనుభవంలో ఉన్న విషయమే. అయితే ఆ ఆదేశం ఆ ప్రాంతానికే పరిమితం. దాన్ని చూపించి హైదరాబాద్‌లోనో, విశాఖలోనో ‘మీరూ వెంటనే మార్చాలి’ అంటే నమ్మక్కర్లేదు.

ఆర్‌ఈసీడీ అంటే ఏమిటి?

పాత ఇంజిన్ పొగగొట్టానికి తర్వాత బిగించే ఉద్గార నియంత్రణ పరికరాన్నే ఆర్‌ఈసీడీ అంటారు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2022లో దీని పరీక్షా విధానాన్ని ప్రకటించింది. పొగలోని ధూళి కణాల్లో కనీసం 70 శాతాన్ని పట్టుకోగలిగితేనే పరికరానికి ఆమోదం. పుణెలోని ఏఆర్‌ఏఐ, మానేసర్‌లోని ఐక్యాట్ వంటి సంస్థలు పరీక్షించి సర్టిఫికెట్ ఇస్తాయి.

ఇక్కడే లెక్క చూసుకోవాలి. సీపీసీబీ-2 సెట్ 0.2 గ్రాముల పరిమితి దగ్గర నడుస్తోందనుకుందాం. అందులో 70 శాతం పోతే మిగిలేది 0.06 గ్రాములు. కొత్త సెట్ పరిమితి 0.02. అంటే పరికరం బిగించాక కూడా మూడు రెట్లు ఎక్కువే. పైగా 70 శాతం అనేది ధూళి కణాల సంగతి. నైట్రోజన్ ఆక్సైడ్లను తగ్గించడానికి వేరే సాంకేతికత కావాలి. కాబట్టి ‘కొత్త సెట్‌తో సమానం’ అన్న మాట సరికాదు.

అలాగని ఆర్‌ఈసీడీ దండగ కాదు. డీజిల్ పొగ మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2012లోనే తేల్చింది. సెల్లార్ పక్కన గదిలో ఉండే వాచ్‌మన్ కుటుంబానికి, మొదటి అంతస్తు వాళ్లకు 70 శాతం తగ్గడం చిన్న విషయం కాదు.

బిగించే ముందు ఇంజిన్ ఆరోగ్యం

ఫిల్టర్ రకం పరికరాల్లో మసి పేరుకుంటుంది. అది ఎప్పటికప్పుడు కాలిపోవాలంటే పొగ బాగా వేడిగా ఉండాలి. మన అపార్ట్‌మెంట్లలో జనరేటర్ మీద తరచూ లిఫ్ట్, లైట్లు తప్ప పెద్ద లోడ్ ఉండదు. లోడ్ 30 శాతం కంటే తక్కువగా ఉంటే పొగ తగినంత వేడెక్కదు, మసి ఎక్కువవుతుంది, ఫిల్టర్ మూసుకుపోతుంది. పొగ బయటకు పోయే దారి బిగుసుకుంటే ఇంజిన్ మీద ఒత్తిడి పెరిగి డీజిల్ ఖర్చు కూడా పెరుగుతుంది.

నీలిరంగు పొగ వస్తుంటే ఇంజిన్ ఆయిల్ కాలుతోందని అర్థం. నల్లటి పొగ ఆగకుండా వస్తుంటే ఇంజెక్టర్లు, ఎయిర్ ఫిల్టర్ చూడాలి. వీటిని సరిచేయకుండా పరికరం బిగిస్తే కొద్ది నెలల్లోనే మూలన పడుతుంది. డీజిల్ బంకులోనే కొనాలి. 2020 ఏప్రిల్ నుంచి దేశమంతటా అమ్ముతున్న బీఎస్-6 డీజిల్‌లో సల్ఫర్ 10 పీపీఎంకు మించదు. కల్తీ డీజిల్ పోస్తే ఉత్ప్రేరకం పూత పాడవుతుంది.

గ్యాస్ కిట్ సంగతి?

డ్యూయల్ ఫ్యూయల్ కిట్‌తో గ్యాస్, డీజిల్ కలిపి నడపవచ్చు. ఢిల్లీ ప్రాంతంలో 70 శాతం గ్యాస్, 30 శాతం డీజిల్ అనేది కొలమానం. దీనికి పైపు గ్యాస్ లైన్ మీ వీధి దాకా వచ్చి ఉండాలి. హైదరాబాద్, విజయవాడల్లో పైపు గ్యాస్ ఇచ్చే భాగ్యనగర్ గ్యాస్ నుంచి జనరేటర్‌కు సరిపడా ఒత్తిడితో కనెక్షన్ ఇస్తారో లేదో ముందు రాతపూర్వకంగా తెలుసుకోవాలి. కిట్ కొన్నాక లైన్ లేదని తెలిస్తే డబ్బు వృథా.

తక్కువ ఖర్చులో సరిచేయగలిగినవి

పొగగొట్టం ఎత్తుకు ఒక సూత్రం ఉంది. జనరేటర్ ఉన్న భవనం ఎత్తుకు, కేవీఏ సామర్థ్యపు వర్గమూలంలో 0.2 వంతును మీటర్లలో కలపాలి. 100 కేవీఏ సెట్‌కు భవనం పైన 2 మీటర్లు, 225 కేవీఏకి 3 మీటర్లు. సెల్లార్ కిటికీలోంచి పొగ వదిలే ఏర్పాటు ఈ లెక్కకు నిలవదు.

శబ్దం విషయంలో, సౌండ్‌ప్రూఫ్ పెట్టెతో వచ్చిన సెట్ నుంచి ఒక మీటరు దూరంలో 75 డెసిబెల్స్ మించకూడదు. తలుపు రబ్బర్లు ఊడిపోయిన పెట్టె ఈ పరీక్షలో నెగ్గదు.

కొత్తది ఎప్పుడు కొనాలి?

రోజూ గంటల తరబడి నడవాల్సి వస్తున్నా, ఇంజిన్‌కు పెద్ద రిపేరు దగ్గర పడినా, మరమ్మతు, పరికరం, దాని నిర్వహణ ఖర్చులు కలిపి కొత్త సెట్ ధరకు చేరువవుతున్నా మార్చడమే మేలు. కొత్త పెద్ద సెట్లలో చాలావాటికి డీజిల్‌తో పాటు యూరియా ద్రావణం కూడా నింపాలి. ఆ ఖర్చు మెయింటెనెన్స్ లెక్కలో కలుపుకోవాలి. నెలకు కొన్ని గంటలే నడిచే, మంచి స్థితిలో ఉన్న సెట్‌కు ముందు సర్వీసింగ్, పొగగొట్టం, పెట్టె సరిచేయించి, స్థానిక ఆదేశం ఉంటే పరికరం బిగించడం సబబు.

డబ్బు ఇచ్చేముందు చూడాల్సినవి

• ఇంజిన్ మీది ప్లేటు ఫొటో: తయారీ నెల, సంవత్సరం, సామర్థ్యం, పర్యావరణ నిబంధనలకు లోబడి ఉందన్న వాక్యం.
• కేవీఏని 0.8తో గుణిస్తే సుమారు కిలోవాట్లు. 125 కేవీఏ అంటే 100 కిలోవాట్లు.
• రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయానికి లేఖ: ‘మా సామర్థ్యం, మా ప్రాంతం, మా తయారీ సంవత్సరానికి ఏ ఆదేశం వర్తిస్తుంది?’ జవాబు రాతలో తీసుకోండి.
• ‘మార్చక తప్పదు’ అనే విక్రేతను ఆదేశం నంబరు, తేదీ అడగండి.
• ఆర్‌ఈసీడీ సర్టిఫికెట్ మీ ఇంజిన్ సామర్థ్య శ్రేణికే ఇచ్చారా, గడువు ఉందా చూడండి.
• ఫిల్టర్ శుభ్రం చేసే బాధ్యత, పట్టుకున్న మసిని తీసుకెళ్లే బాధ్యత ఎవరిదో ఒప్పందంలో రాయించండి.
• లాగ్‌బుక్‌లో నడిచిన గంటలు, పోసిన డీజిల్, సర్వీసింగ్ తేదీలు నమోదు చేయించండి. తనిఖీకి వస్తే ముందుగా అక్కరకొచ్చేది ఇదే.